మా పొత్తు ల్యాప్‌టాప్

ఆ రోజుల్లో నేను పచ్చి కుర్రవాణ్ణి. నవ్వకండి. భద్రాచలం కలప డిపోలో గుమాస్తాగా రిటైరై అప్పటికి ఇంకా ఏడాది తిరగలేదు. ఉద్యోగానికి ముసలివాణ్ణయ్యాను గానీ, ఖాళీగా కూర్చోవడంలో మాత్రం అప్పుడే పలక పట్టినవాణ్ణి. పొద్దున లేస్తే ఎటు నడవాలో కాళ్ళకు తెలిసేది కాదు. ఎండలు ముదిరే ముందు అడవి వైపు నుంచి ఇప్పపువ్వు వాసన వచ్చి వీధంతా మత్తుగా ఉండేది. ఆ మత్తులో అరుగు మీద కూర్చుంటే నాకూ గోదావరికీ పెద్ద తేడా ఉండేది కాదు. ఇద్దరం ఎండకు సన్నబడి, నిదానంగా, ఎటు పోతున్నామో పట్టించుకోకుండా ఉండేవాళ్ళం. అలాంటి కలల కాలంలో నా జీవితంలోకి ఒక ల్యాప్‌టాప్ వచ్చింది. సగం ల్యాప్‌టాప్ అనాలి. మిగతా సగం మిర్చి బావది.

మిర్చి బావ బూర్గంపాడు సాయిబు. తాతల నాటి నుంచి వాళ్ళది మిరపకాయల వ్యాపారం. ఎప్పుడో ఇంటి ద్వారబంధాలకు టేకు కొనడానికి మా డిపోకు వచ్చి, కొలతల దగ్గర నాతో పోట్లాడి, ఆ పోట్లాటలోనే నాకు బావ అయ్యాడు. ఆయనకు నేను డిపో బావను. మా వైపు ఒక అరకను ఇద్దరు రైతులు పొత్తుకు పెట్టుకోవడం ఉంది. ఈ వారం నీ చేలో, పై వారం నా చేలో. అరక తోలుకొచ్చినవాడికి ఆ పూట అన్నం పెట్టి పంపాలి. అదే పద్ధతిలో, ఎవరో వాడి వదిలేసిన ఆ ల్యాప్‌టాప్‌ను ఇద్దరం పొత్తుకు కొన్నాం. ఆదివారం ఆదివారం అది చేతులు మారేది. ఒక వారం ఆయన దాన్ని గోనె సంచిలో చుట్టి స్కూటర్ మీద బ్రిడ్జి దాటి మా ఇంటికి వచ్చేవాడు, మరుసటి వారం నేను బస్సెక్కి వాళ్ళింటికి మోసుకెళ్ళేవాణ్ణి. తెచ్చినవాడు భోంచేసి, ఓ కునుకు తీసి, చల్లబడ్డాకనే కదలాలి.

ఆయన దాంట్లో ఖవ్వాలీలు వినేవాడు. నేను నా ఆత్మకథ రాసేవాణ్ణి. మొదటి అధ్యాయంలోనే పులి వచ్చి డిపో గేటు దగ్గర నా కళ్ళలోకి చూసింది. (నేను చూసింది పులి కాదు, పులి అడుగు. అదీ ఎండిపోయిన బురదలో. పులిదేనని ఫారెస్టు గార్డు అన్నాడు కాబట్టి పులిదే.) ఆ ల్యాప్‌టాప్‌కు అప్పటికే వయసు మీద పడింది. మూత దానంతటది నిలబడేది కాదు, వెనక బియ్యం డబ్బా ఆనించాలి. చార్జర్ తీగను ఒక పక్కకు వంచి పైన ఇటుక పెడితేనే కరెంటు ఎక్కేది. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "అది బతికుందో లేదో ముక్కు కింద వేలు పెట్టి చూడండి" అని పోయేది.

ఆ ఏడు నవమి ఆదివారం నాడే వచ్చింది. కల్యాణం మా ఇంటికి నడిచిపోయేంత దూరంలో జరుగుతున్నా ఆ జనంలో దూరే ఓపిక లేక ఇద్దరం ఇంట్లోనే కూర్చుని ల్యాప్‌టాప్‌లో చూస్తున్నాం. మైకులో సూత్రధారణ అయిపోయి బాజాలు మోగుతున్నాయి. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇంకా సూత్రం చేతికే తీసుకోలేదు. మిర్చి బావ కంగారుపడి, వెనకబడిన ల్యాప్‌టాప్‌ను తొందరపెట్టడానికా అన్నట్టు ముందుకు వంగాడు. మోచెయ్యి తగిలి పానకం చెంబు బోర్లాపడింది. బిందెడు పానకం గోదావరి వరదలా అక్షరాల మీదుగా పారింది. (చెంబే. అందులో సగం నేను అంతకు ముందే తాగాను.) తెర ఓసారి మినుకుమని నల్లబడింది. నా పులి, నా డిపో, నా జీవితమంతా బెల్లం నీళ్ళలో మునిగిపోయింది.

నేను నోరు తెరిచి కూర్చుంటే మిర్చి బావ మాత్రం వ్యాపారస్తుడిలా లేచాడు. "ఏంది బావా గట్ల చూస్తవ్? తడిసిన సరుకు ఏదైనా ఒక్కటే. ఎండల వెయ్యాలె, అటిటు తిరగెయ్యాలె." అని దాన్ని తుడిచి, గోనె సంచిలో చుట్టుకుని వెళ్ళి, తన కల్లంలో మిరపకాయల మధ్య ఆరబెట్టాడు.

మనసాగక మర్నాడు నేనూ వెళ్ళాను. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ళు మూస్తే కనిపిస్తుంది. కంటి చివరిదాకా ఎర్రటి మిరపకాయలు, వాటి మీద వణుకుతున్న ఎండ, నడుమ నల్లగా తెరిచి పెట్టిన మా ల్యాప్‌టాప్. కల్లంలో ఆడవాళ్ళు కాళ్ళతో కాయలు తిరగేస్తూ వచ్చి, దాని దగ్గర వంగి, దాన్నీ ఓసారి తిరగేసి ముందుకు పోతున్నారు. వేపచెట్టు కింద కూర్చుని చూస్తుంటే నాకది కల అనిపించింది. మిర్చి ఘాటుకు కళ్ళలో నీళ్ళు రాకపోతే కలేనని నమ్మేవాణ్ణి.

కాయలు గలగలమనే దాకా ఎండాక ఇంటికి తెచ్చి మీట నొక్కితే, చెబితే నమ్మరు, లేచి కూర్చుంది. పులి క్షేమం. మిర్చి బావ మీసం దువ్వాడు. అంతలో లోపలి ఫ్యాను తిరగడం మొదలై, కల్లం దుమ్మంతా మా మొహాన కొట్టింది. ఆయన తుమ్మాడు, నేను తుమ్మాను, వంటింట్లో మా ఆవిడ తుమ్మింది. ఆనాటి నుంచి తుమ్మకుండా దాంట్లో ఒక్క పేజీ చదివినవాడు లేడు. ఓ రాత్రి దొంగ వచ్చి దాన్ని ముట్టుకుని, తుమ్మి దొరికిపోయాడు. (దొంగ కాదు, పిల్లి. దొరకలేదు కూడా.)

తర్వాత్తర్వాత అది కాసేపు పనిచేసి, వేడెక్కి, మాట మధ్యలో నిద్రపోయే ముసలివాళ్ళలా ఆగిపోయేది. ఖమ్మంలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి ఈ సంగతి తెలిసింది. ఇద్దరూ దాన్ని పట్టుకుని రండి, షాపులో చూపిద్దాం, బాగుకాకపోతే కొత్తవే కొందాం, నాయినకొకటి మామకొకటి, ఇక వంతుల పేచీ ఉండదు అంది. ఫోను పెట్టేసరికి నేను గాల్లో ఉన్నాను. నాకంటూ సొంతంగా ఒకటి! వారం వారం పులిని సగంలో ఆపాల్సిన పనిలేదు. మిర్చి బావకు చెబితే "అవ్, మంచిదే" అన్నాడు. బస్సులో ఖమ్మం దాకా ల్యాప్‌టాప్‌ను ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దారిలో బస్సు టీకి ఆగినా దాన్ని వదిలి కిందికి దిగలేదు.

షాపులో రిపేరు చేసే అబ్బాయి అడుగుభాగం మరలు విప్పి, దుమ్ము ఊదే మిషన్ తీశాడు. మేం చెప్పబోయాం గానీ ఆలస్యమైపోయింది. ఒక్క ఊదుకు షాపంతా ఖాళీ. కొనడానికి వచ్చినవాళ్ళు, అమ్మేవాళ్ళు, మా అమ్మాయి, అందరూ రోడ్డు మీద కళ్ళు నలుపుకుంటూ నిలబడ్డారు. ఖమ్మం మార్కెట్ యార్డు దాకా జనం తుమ్మారు. (పక్కన జిరాక్స్ షాపు దాకా.) ఆ అబ్బాయి మొహానికి తువ్వాలు కట్టుకుని, "పెద్దాయనా, గిది ల్యాప్‌టాపా, పచ్చడి జాడీయా?" అన్నాడు. గాలి తేటపడ్డాక తన తీర్పు చెప్పాడు. ఫ్యాను మార్చి, లోపల కడిగి, మూత బిగిస్తే నడుస్తుంది. ఎన్నాళ్ళు నడుస్తుందో మాత్రం చెప్పలేడు. తనైతే కొత్తదే కొంటానన్నాడు.

మా అమ్మాయి అప్పటికే కొత్తవి బల్ల మీద పెట్టించింది. పల్చగా, తళతళలాడుతూ, ఒకటి నీలం, ఒకటి బూడిద రంగు. మిర్చి బావ బూడిద రంగుదాన్ని ఎత్తి చూసి, మరీ తేలిక, ఫ్యాను గాలికి ఎగిరిపోతది అన్నాడు. అక్షరాలు చిన్నగున్నయన్నాడు. మూత దానంతటదే నిలబడుతోందని కూడా వంకపెట్టాడు. మా అమ్మాయికి విసుగొచ్చి, "ఏంది మామా, నీకేం కావాలె చెప్పు" అంది.

అప్పుడు నేను ముందుకు వచ్చి, మా అమ్మాయి భుజం మీద చెయ్యేసి చెప్పాను. "బిడ్డా, ఆయనకొకటి నాకొకటి అయితే, ఇంక ఆదివారం ఏం పట్టుకొని బ్రిడ్జి దాటాలె?"

ఈ కథ ఎక్కడ చెప్పినా ఇంతవరకూ ఇలాగే చెబుతూ వచ్చాను. విన్నవాళ్ళు గొంతు సవరించుకునేవాళ్ళు, నేను వినయంగా తల వంచుకునేవాణ్ణి. ఇక దాచి ఏం లాభం, ఆ మాట నాది కాదు. అన్నది మిర్చి బావ. అదీ గట్టిగా కాదు, మా అమ్మాయికి మాత్రమే వినపడేలా, చేతిలోని బూడిద రంగుదాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేస్తూ అన్నాడు. మా అమ్మాయి ఆయన వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది, రిపేరు అబ్బాయికి "పాతదే చెయ్యండి" అని చెప్పింది. నేనప్పుడు ఏం చేస్తున్నానంటారా? నీలం రంగుదాని మీద చెయ్యేసుకుని, దాన్ని ఇంట్లో ఏ బల్ల మీద పెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

ఆ తర్వాత దానికి ఫ్యాను మారింది, బ్యాటరీ మారింది, తెర కూడా మారింది. మొదట కొన్నదాంట్లో ఇప్పుడేం మిగిలిందో దేవుడికే తెలియాలి. స్కూటర్ నడపడం మానేశాక మిర్చి బావను వాళ్ళబ్బాయి మా గుమ్మం దగ్గర దింపిపోతున్నాడు. అన్నం తిన్నాక ఇద్దరం చెరో నులక మంచం మీద వాలితే ఆయన ముందు గురక పెడతాడు. ఆ గురక వింటూ నాకు నిద్ర పట్టే ముందు, ఖమ్మం షాపులో నీలం రంగుదాని మీద చెయ్యేసి నిలబడ్డ ఆ కొత్త రిటైరు మనిషి గుర్తొస్తాడు. పాపం, తన ఆదివారాలన్నీ తనకే మిగుల్చుకోవడానికి ఎంత దగ్గరగా వచ్చాడో ఆ పిచ్చివాడికి తెలియదు.