తప్పు నాదని రాసిన లాగ్

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం గుండ్రటి అద్దాల మేడ అప్పుడే లేస్తోంది. చందానగర్‌లో కిరాయికుంటూ, యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌కు బస్సులో వెళ్లేవాణ్ని. నాది ఆరు నెలలకోసారి పొడిగించే ఉద్యోగం. ఆ ఏడాది ఉద్యోగాల కమిటీ కూర్చున్నాక పర్మనెంట్ చేస్తారన్నారు. ఇంట్లో నేనూ నా భార్యా ప్రార్థనలో అడిగింది ఆ ఒక్కటే.

నా పని సర్వర్ల సెట్టింగులు చూడటం. మెయిల్ ఎటు పోవాలి, ఏ యంత్రానికి ఏ పేరు, అన్నీ ఫైళ్లలోనే ఉంటాయి. అంతకుముందు ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చేసేవారు; అందరికీ ఒకటే పాస్‌వర్డ్. నేను ఆ ఫైళ్లన్నీ ఒకచోట భద్రపరిచి పద్ధతి పెట్టాను. ఫైలు మార్చి తిరిగి పెట్టేటప్పుడు, ఎవరు ఎందుకు మార్చారో ఒక వాక్యం రాయాలి. అది లాగ్‌లో, అంటే మార్పుల చిట్టాలో, నిలిచిపోతుంది.

రాసింది నేనొక్కణ్నే. చర్చి సంఘంలో పెరిగినవాణ్ని. మా ఉపవాస ప్రార్థనలో లేచి నిలబడి తప్పు ఒప్పుకుంటే, పెద్దలు చెయ్యి పట్టుకుని కూర్చోబెడతారు. లాగ్ కూడా అలాగే రాశాను. “తొందరపడ్డాను.” “సరిచూడలేదు, తప్పు నాది.”

కొత్తగూడ నుంచి వచ్చే ఆపరేటర్ అవి చదివి నవ్వేవాడు. “ఏందన్నా, సర్వర్ కాడ గూడ పాపాలు ఒప్పుకుంటున్నవా? జర తక్కువ రాయి. మన పెద్దసార్ ఒక్క ముక్కనన్న రాసిండా?”

పెద్దసారంటే మా మేనేజర్. కోస్తా మనిషి, గొంతు పెంచి మాట్లాడరు. ఒకరోజు ఆపరేటర్ చూస్తుండగానే పద్ధతి పక్కనపెట్టి, మెయిల్ ఫైలును నేరుగా సర్వర్‌లోనే మార్చారు. రెండు రోజులు ఎవరికీ మెయిల్ రాలేదు. వెతికి వెతికి పాత ఫైలు తిరిగి పెట్టాను. పై అధికారి పేరు రాయడానికి చెయ్యి రాలేదు. “ముందే గమనించాల్సింది, తప్పు నాది” అని రాశాను.

కమిటీ ముందు ఆయన ఆ లాగ్ ప్రింటు తీసి పెట్టారు. ఆ వాక్యం కింద ఎర్రగీత.

“ఇది మీరు రాసిందేనాండీ?” అని ఒక ప్రొఫెసర్ అడిగారు.

అవునన్నాను. మార్చింది పెద్దసారేనని కూడా చెప్పాను.

“లాగ్‌లో అలా లేదే” అన్నారు పెద్దసారు మెత్తగా.

ఆపరేటర్‌ను పిలిచి అడగమన్నాను. పిలవలేదు. పర్మనెంట్ మాట అటుంచి, పొడిగింపే రాలేదు.

వరండాలో పెద్దసారు ఎదురయ్యారు. “మీరు రాయకపోతే ఎవరికి తెలిసేదండీ?” అన్నారు, జాలిపడుతున్నట్టు.

క్షమించమని దేవుని వాక్యం చెబుతుంది. ఇన్నేళ్లుగా ఆయన పేరు ప్రార్థనలో ఎత్తుతూనే ఉన్నాను. ఎత్తిన ప్రతిసారీ దవడ బిగుసుకుంటుంది.