మెట్ల మీది పిల్ల

“ఈ పిల్లెవరండీ? మా ఇంట్లో ఇలాంటి పిల్ల ఎప్పుడూ లేదే!”

ప్రెస్సు యజమాని తన హాల్లో కొత్తగా వేలాడదీసిన బొమ్మ ముందు నిలబడి అడిగాడు. బొమ్మ వేసినావిడ పక్కనే ఉంది. ఇన్నేళ్ల పనిలో ప్రశ్నలు వేసేది ఆవిడే. ఎదుటివాళ్లు వేస్తే జవాబు చెప్పే అలవాటు లేదు.

ఆవిడను అందరూ బొమ్మలమ్మ అంటారు. ఎవరి కథ వాళ్లకు రంగుల్లో వేసిస్తుంది: అమ్ముకున్న ఇల్లు, ఫొటో లేకుండానే జరిగిపోయిన పెళ్లి, తాతగారి సైకిలు కొట్టు. పెద్దల మీద భక్తితో వేయించుకుంటున్నామని జనం చెబుతారు. చాలామందికి అసలు కారణం సోఫా పైన గోడ బోసిగా ఉండడం. ఆ సంగతి ఆవిడకు తెలుసు. దాంతో ఆవిడకేమీ పేచీ లేదు.

రంగు ముట్టుకునే ముందు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పిస్తుంది. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎండ ఏ పక్కనుంచి పడింది, తలుపు లోపలికి తెరుచుకునేదా బయటికా. సాధారణంగా అన్నదమ్ములు తలుపు దగ్గరే పోట్లాటకు దిగుతారు. ఆవిడ బొగ్గుముక్కతో గీస్తూ వింటుంది. అంతా అయ్యాక, ఎవరూ అడగని మనిషిని ఒకరిని తానే కలుపుతుంది. ఏదో ఒక మూల, వీపు ఇటు పెట్టి నిలబడ్డ చిన్నపిల్ల. రెండు జడలు, ఒకదాని రిబ్బను ఊడిపోతూ ఉంటుంది. వీధిలో పిల్ల కాబోలనుకుని ఎవరూ పట్టించుకోరు.

ఆ పిల్ల ఆవిడ చెల్లెలు. చిన్నప్పుడు జ్వరం వచ్చి, నాన్న వేలు పట్టుకుని అద్దె ఇంటి మెట్లు దిగి ఆస్పత్రికి వెళ్లింది. “ఒసే, రిబ్బను ఊడుతోందే!” అని అక్క పైనుంచి అరిచింది. చెల్లెలు వెనక్కి తిరగలేదు. ఇంటికీ తిరిగి రాలేదు. నాన్న దర్జీ. కొత్త గౌను కుట్టి స్టూడియోకు తీసుకెళ్తానన్నాడు గానీ, బయటివాళ్ల గౌన్లన్నీ అయితే కదా ఇంటి గౌను వంతు వచ్చేది! అలా ఒక్క ఫొటో కూడా లేకపోయింది. అక్కను పక్కింట్లో కూర్చోబెట్టారు కాబట్టి కడసారి చూపూ దక్కలేదు. కాలం గాయాలు మాన్పుతుందంటారు. ఆవిడ విషయంలో కాలం చేసిందల్లా ఆ ముఖాన్ని తుడిచిపెట్టడమే. వీపొకటి మిగిలింది. ఏ వీధిలో నడుస్తున్నా, ఏదో ఒక గోడకు అవతల చెల్లెలు తనవైపు చూడకుండా నిలబడి ఉందన్న ఎరుక ఆవిడను వదలదు.

ప్రెస్సు వాళ్లకు కావలసింది అచ్చుయంత్రం ఇంటికి వచ్చిన రోజు. యజమాని తల్లి, పెద్దావిడ, ఆ కథ చెప్పింది. బండి మీంచి యంత్రాన్ని దించుతూ మామగారు, భర్త, ఇద్దరు పనివాళ్లు. పైన వరండాలో కొత్త కోడలిగా తాను. చివరన మెట్ల మీద పిల్లను వేయబోతే చెయ్యి అలవాటు తప్పింది. పిల్ల ఇటు తిరిగింది. ఎడమ కనుబొమ కాస్త పైకెత్తి, కింది పెదవి లోపలికి మడిచి, నవ్వు ఆపుకుంటోంది. అది చెల్లెలి ముఖమేనని బొమ్మలమ్మ గుర్తుపట్టింది.

ఆ ముఖాన్నే వేరే కాన్వాసు మీద వేద్దామని కూర్చుంటే ఎవరెవరి పిల్లలో వచ్చారు. ఫోనులో ఫొటో తీసుకుంటే, అందులో నాలుగు రంగు మరకలు తప్ప ఏమీ లేవు. ఈలోగా ప్రెస్సు మనుషులు వచ్చి బొమ్మను పట్టుకెళ్లారు.

“చెప్పరేం? మేం చెప్పింది అయిదుగురిని. ఆరో మనిషికి కూడా డబ్బడుగుతారా ఏంటి?” హాల్లో బొమ్మ ముందునుంచి కదలకుండా మళ్లీ అడిగాడు యజమాని.

“పిల్లలకు టికెట్టు లేదండీ,” అంది ఆవిడ, నవ్వు తెచ్చిపెట్టుకుని.

“జోకులొద్దమ్మా. వచ్చిన ప్రతివాడూ ఈ పిల్ల ఎవరి సంతానం అని అడుగుతున్నాడు. మా ఆవిడైతే నన్నే అనుమానంగా చూస్తోంది. దాన్ని తీసేయండి, మిగతా సగం డబ్బు చేతిలో పెడతాను.”

ఆవిడకు అద్దె కట్టాలి. పైగా బొమ్మ వాళ్లది, కథ వాళ్లది. మర్నాడు రంగుల పెట్టె తెచ్చుకుంది. గోడ సున్నం రంగు కలిపి, కుంచె ముంచి, మెట్ల దగ్గరికి చెయ్యి ఎత్తింది. పిల్ల నవ్వు ఆపుకుంటూనే ఉంది. చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది.

“దాన్నెందుకే చెరుపుతున్నావు?” వెనక పడక్కుర్చీలోంచి పెద్దావిడ.

“ఎవరమ్మా అది?” అన్నాడు కొడుకు.

“కాగితం ముక్కలు ఏరుకోడానికి వచ్చేదిరా. రిబ్బను ఎప్పుడూ వదులే.”

బొమ్మలమ్మ కుంచె దించి మెట్లకేసి చూసింది. పిల్ల ఇటు తిరిగి ఉంది. ఈ బొమ్మలో జడలు కనిపించవు, రిబ్బను అసలు వేయనే లేదు. ఏ పిల్ల రిబ్బను మాత్రం బిగువుగా ఉంటుంది గనక, అని తనకు తానే చెప్పుకుంది.

“అమ్మా, మొన్న నన్నే ఎవరు నువ్వని అడిగావు,” అన్నాడు కొడుకు.

“నిన్ను గుర్తుపెట్టుకోడానికి ఏం ఘనకార్యం చేశావురా? అది అలాక్కాదు. ఎంత పిలిచినా వెనక్కి చూసేది కాదు.” పెద్దావిడ ఆగి, బొమ్మకేసి చూసింది. “ఒక్కసారే చూసింది.”

బొమ్మలమ్మ కుంచె కడిగి పెట్టెలో పెట్టేసింది.

“అయితే మిగతా డబ్బు మర్చిపోండి,” అన్నాడు యజమాని.

“మీరు మర్చిపోండి బాబూ. నాకు మర్చిపోవడం కుదరదు.”

అప్పటినుంచి నెలనెలా బాకీ అడగడానికని ఆ ఇంటికి వెళుతోంది. పెద్దావిడ పక్కన కూర్చుంటుంది. ఇద్దరూ మెట్లకేసి చూస్తారు. పెద్దావిడ ఒక్కో నెల ఆ పిల్ల గురించి ఏదో ఒకటి కొత్తగా చెబుతుంది: గచ్చు మీద చెప్పులు ఈడ్చేదని, ఎక్కిళ్లు వస్తే ఒక పట్టాన ఆగేవి కావని. అవి నిజంగా చెల్లెలి సంగతులో కావో ఆవిడకు తేలదు. ఇంటికి వచ్చాక మాత్రం గదిలో చెప్పులు ఈడ్చిన చప్పుడు వినిపిస్తుంది.

ఒక నెల యజమానికే సిగ్గేసి డబ్బు లెక్కపెట్టి తెచ్చాడు. “తీసుకోండమ్మా, గొడవ వదిలిపోతుంది.”

బొమ్మలమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. “ఇప్పుడొద్దు. పై నెల వస్తాగా, అప్పుడిద్దురుగాని.”

ఆ సగం డబ్బు ఇంకా బాకీ ఉంది.