నందిగామలో మా పేట గుర్రం

డెబ్బైల్లో ఒక శ్రావణ శుక్రవారం, పొద్దున ఆరు గంటల బస్సుకి మా జగ్గయ్యపేటలో ఎక్కాను. నందిగామ ఎంత దూరమని! అయినా ఎండెక్కేలోపు చేరాలి.

తెల్లదొరల కాలంలో మా ఊరి పాత బౌద్ధస్తూపం దిబ్బ ధనంబోడుని తవ్వి, బొమ్మలు చెక్కిన రాతి పలకలన్నీ బండ్లకెత్తారు. గొడుగు కింద గుర్రం ఉన్న పలక మాత్రం నందిగామ దగ్గర ఇరుసు విరిగి దారిలోనే దిగిపోయిందని మా తాత చెప్పేవాడు. బండికెత్తేటప్పుడు గుర్రం ముందుకాలి గిట్ట ఊడిందట. ఆ గుర్రమే మా పేట గుర్తు. కొట్ల బోర్డుల మీద ఇప్పటికీ వేస్తారు. నందిగామ శివార్లలో గుర్రాలమ్మ అని ఒక రాయిని కొలుస్తున్నారని విని, అది మనదేనని అందరిముందూ అనేశాను. మా సుబ్బయ్య బాబాయి ఆగుతాడా? ఊళ్లోవాళ్లని కూడగట్టి, ఆ రాయి తెచ్చి నిలబెట్టడానికి బస్టాండు సెంటర్లో దిమ్మె కట్టించేశాడు. రాయి మాది కాకపోతే నా పరువు గంగలో కలిసినట్టే.

చిక్కల్లా పసుపుతో. ఏడాది పొడవునా ఆ రాయి మీద పసుపు మందంగా ఉంటుంది, గిట్ట కనపడదు. ఈ ఒక్క శుక్రవారం పొద్దున కడిగి, ఎండెక్కేలోపే మళ్లీ పూసేస్తారు.

చిల్లకల్లు దాటగానే టైరు పంచరైంది. నేను దిగి రోడ్డు మీద కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, అదే బస్సులో వస్తున్న, నందిగామలో సైకిల్ షాపు నడిపే మస్తాన్ గారు పిలిచి పక్కన కూర్చోబెట్టారు. "మీరు తిరిగినంత మాత్రాన బస్సు కదలదు కదండీ మాస్టారూ" అన్నారు. నందిగామలో దిగాక తన షాపు సైకిలే ఇచ్చి దారి చెప్పారు. ఇది చదివి మీరెప్పుడైనా అటు వెళ్తే నందిగామ బస్టాండు దగ్గరే ఇడ్లీ తినండి, ఆ పైన ఏమీ దొరకదు. నాకైతే ఆకలే తెలియలేదు.

వెళ్లేసరికి రాయి తడిగా, నల్లగా ఉంది. ఒక పెద్దావిడ పసుపు కలుపుతోంది. వంగి చూశాను. గొడుగు, గుర్రం, ఎత్తిన ముందుకాలు. గిట్ట లేదు. అక్కడే చతికిలబడ్డాను, ఏడుపొచ్చింది.

ఏ ఊరని ఆవిడ అడిగింది. జగ్గయ్యపేట అని, దొరల బండి సంగతంతా చెప్పాను. రాయిని తీసుకెళ్లడానికి వచ్చానని మాత్రం చెప్పలేదు.

"మా గుర్రాలమ్మ తల్లి పుట్టినూరు ఏదో తెలీక ఇన్నేళ్లూ సారె కూడా మేమే పెట్టుకుంటున్నామండి. పుట్టింటివాళ్లు ఇవాళ్టికి వచ్చారు" అంది.

ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. కాళ్లకి నీళ్లిచ్చారు, పులిహోర పెట్టారు, మొదటి పసుపు నా చేతే పూయించారు. వచ్చే శ్రావణానికి చీర, చలిమిడి తెస్తానని మాట తీసుకున్నారు.

సైకిల్ ఇచ్చేసి, మధ్యాహ్నం రెండు గంటల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. దిమ్మె కట్టినవాళ్లకి ఏం చెప్పను? అడగకుండా ఎత్తుకుపోవడం దొరల పద్ధతి. అది నా వల్ల కాలేదు.

బస్టాండులో బాబాయి ఎదురొచ్చాడు. లారీ మాట్లాడి ఉంచాడట. దొరికిందా అని అడిగాడు.

"దొరికింది బాబాయ్. అత్తారింట్లో బాగా చూసుకుంటున్నారు. మనమే ఒక్కసారన్నా వెళ్లి చూడలేదు. వచ్చే శ్రావణానికి సారె తెమ్మన్నారు."

ఆయన దిమ్మె వైపు ఒకసారి చూశాడు.

"చీర ఏ రంగుది కొందామంటావ్?" అన్నాడు.