అతుకు కనబడని ఆకాశం

ఓబులేసు ఇక లేరన్న వార్త రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుండగా ఆఫీసు గ్రూపులో చూశాను. ముందురోజు సాయంత్రమే నా పక్క కుర్చీలోంచి లేచి, సంచి భుజాన వేసుకుని, "వస్తానప్పా మూర్తీ" అని చెప్పి వెళ్లిన మనిషి. తెల్లవారేసరికి గుండె ఆగిపోయిందట. ఆసుపత్రికి చేర్చే వ్యవధి కూడా ఇవ్వలేదట. నిర్ఘాంతపోయి అక్కడే కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. వెనకాల వచ్చేవాళ్లు విసుక్కుంటూ నన్ను తప్పుకుని పోతున్నారు. అంతటి దిగ్భ్రాంతిలోనూ, గ్రూపులో వరసగా వచ్చి పడుతున్న సంతాప సందేశాలు చూస్తూ, నేను పోతే ఇన్ని వస్తాయా అనుకున్నాను. ఆయన విషయంలో నా బుద్ధి ఎప్పుడూ అంతే.

సౌజన్యమూర్తి, మితభాషి, అజాతశత్రువు అని అందరూ రాస్తున్నారు. సౌజన్యమూర్తి అన్నది నిజమే. మితభాషి అన్నది శుద్ధ అబద్ధం. ఇక అజాతశత్రువు అన్న బిరుదు నా ముందు చెల్లదు. ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చుని ఆయన మీద అసూయపడినవాణ్ణి నేను. అభిమానించేవాళ్లు మనిషిలోని మంచిని టోకున మెచ్చుకుని ఊరుకుంటారు. అసూయపడేవాడు ఒక్కొక్క సుగుణాన్నీ విడివిడిగా చూసి కుళ్లుకుంటాడు. ఆ లెక్కన ఓబులేసు గురించి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే ఆయన జ్ఞాపకార్థం ఆఫీసు తరఫున రావలసిన ఈ వ్యాసం నేనే రాస్తానని పట్టుబట్టాను.

మాది చిన్న స్టూడియో. తెల్లాపూర్ వైపు వెలుస్తున్న గేటెడ్ కమ్యూనిటీల అమ్మకపు హాళ్లలో గోడ పొడవునా పరిచే పనోరమా చిత్రాలు తయారుచేస్తాం. కెమెరాను కొద్దికొద్దిగా తిప్పుతూ తీసిన ఫోటోలను ఒకదానికొకటి అతికించి, అతుకులు కనబడకుండా సరిచేయడం మా పని. ఆ ఫైళ్ల బరువు అంతా ఇంతా కాదు. తెరవమని నొక్కగానే సాఫ్ట్‌వేర్ కొయ్యబారిపోతుంది. తెర పాలిపోతుంది. గిరగిరా ఒక చక్రం తిరుగుతుంది. ఆకాశంలో ఒక మచ్చ తుడిచినా మళ్లీ అదే తంతు. ఆ చక్రం తిరిగినంతసేపూ నేను మౌస్‌ని బల్లకేసి కొట్టేవాణ్ణి, సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ల వంశాన్ని తిట్టేవాణ్ణి.

ఓబులేసు లేచి వెళ్లిపోయేవారు. ఆయనది అనంతపురం వైపు పల్లెటూరు. "మిషన్ మీద అరిస్తే దానికి ఇనపడతాదా అప్పా? దాని పాటికి దాన్ని వదిలెయ్, రా, టీ తాగొద్దాం" అనేవారు. నేను కదిలేవాణ్ణి కాదు. ఆయన మాత్రం ఆ అంతస్తంతా ఒక చుట్టు చుట్టి వచ్చేవారు. అకౌంట్స్ అమ్మాయి పెళ్లి సంబంధం ఎందాకా వచ్చింది, లిఫ్టు ఆపరేటర్ తల్లికి కంటి ఆపరేషన్ అయిందా, కింద టీ కొట్టాయన ఇంటి కిరాయి ఎందుకు పెరిగింది, అన్నీ ఆయనకు తెలుసు. అవే నిమిషాలు ఇద్దరికీ వచ్చాయి. నేను రక్తపోటు సంపాదించుకున్నాను, ఆయన మనుషుల్ని సంపాదించుకున్నారు. చివరిచూపు రోజున లింగంపల్లిలో ఆయన అద్దె ఇంటి ముందు నిలబడడానికి చోటు లేదు. టీ కొట్టాయన దుకాణం మూసి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, "గిట్లెట్ల పోయిండు సార్, నిన్న నా దగ్గర్నే చాయ్ తాగిండు" అని వలవలా ఏడ్చాడు. రోజూ ఆ దుకాణంలో నేనూ టీ తాగుతాను. ఆయన పేరు నర్సింలు అని నాకు తెలిసింది ఆ రోజే.

పనితనం సంగతికి వస్తే నా కడుపుమంట ఇంకా ఎక్కువ. ఒకసారి మా మేనేజర్ వినోద్ వెంటపడి, మెమరీ ఎక్కువ ఉన్న కొత్త కంప్యూటర్ తెప్పించుకున్నాను. పాతదానితో కుస్తీ పడుతున్న ఓబులేసు కళ్ల ముందు దాన్ని విప్పి, బల్ల మీద పెట్టుకుని, పసుపు కుంకుమ కూడా పెట్టాను. తెల్లాపూర్ ప్రాజెక్టు ఫైలు తెరిచాను. కొత్త కంప్యూటరూ కొయ్యబారిపోయింది. ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆయన పద్ధతి వేరు. ముందు ఆ చిత్రానికి చిన్న నకలు చేసుకుని, రంగులూ వెలుగూ అన్నీ దాంట్లోనే తేల్చుకునేవారు. తర్వాత అసలు ఫైలును పట్టీలుగా కోసి, పట్టీ అంచు పక్క పట్టీ మీదికి కొంచెం ఎక్కేలా ఉంచి, ఒక్కొక్కటే చేసి చివర్లో కలిపేవారు. "చిన్నదాంట్లో కుదరంది పెద్దదాంట్లో యాడ కుదురుతాది సామీ" అనేవారు. కొత్త కంప్యూటర్ పెట్టుకుని నేను పాత కంప్యూటర్ కంటే వెనకబడ్డాను.

ఆయన పనోరమాల్లో ఎక్కడో ఒకచోట ఒక మనిషి ఉండేవాడు. రోడ్డు ఊడ్చే ఆమె కావచ్చు, స్కూటర్ తుడుచుకునే కుర్రాడు కావచ్చు. మనిషి ఉంటేనే ఆ రోడ్డు ఎంత వెడల్పో, ఆ చెట్టు ఎంత ఎత్తో కొనేవాళ్లకు తెలుస్తుందని ఆయన వాదం. బిల్డర్లు మురిసిపోయేవారు. నాకు ఒళ్లు మండి, నా తర్వాతి పనోరమాలో నేనూ మనిషిని ఉంచాను. ప్రారంభోత్సవం రోజున హాలంతా జనం. ఇంతలో గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు యాదయ్య గోడ దగ్గరికి వచ్చి, చిత్రాన్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసి, "సార్, జర ఇటు చూడున్రి. ఈడ నేనే, ఆడ నేనే, గా చెట్టు కాడ గూడ నేనే. గేట్లన్నింటికి నేనొక్కన్నే కావలి ఉన్ననా ఏంది?" అన్నాడు. ఫోటోలు తీస్తున్నప్పుడు కెమెరా ఎటు తిరిగితే అటు సరదాగా నడిచాడట. ప్రతి ఫోటోలోనూ పడ్డాడు. నేను ఆకులూ కిటికీలూ తెర మీద పెద్దవి చేసి సరిచేస్తూ కూర్చున్నానే తప్ప మొత్తం ఒక్కసారి చూసుకోలేదు. చూద్దామంటే ఫైలు తెరుచుకుని చావదు కదా.

బిల్డర్ ముఖం కందగడ్డలా అయింది. ఓబులేసు టక్కున ముందుకొచ్చి, "కాపలా అన్ని పక్కలా ఉంటాదని చూపించినాం సార్. యూనిఫాం ఒకటే గదా, మనుషులూ ఒకే మాదిరి ఉంటారు" అన్నారు. జనం నవ్వేశారు. బిల్డరూ నవ్వాడు. యాదయ్య భుజం మీద చెయ్యేసి ఓబులేసు అతణ్ణి భోజనాల వైపు తీసుకుపోయారు. నా ఉద్యోగం నిలబడింది. అసూయపడే మనిషికి కృతజ్ఞత కూడా చెప్పుకోవలసి రావడం ఎంత నరకమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. వారం పాటు ఆయనతో సరిగా మాట్లాడలేకపోయాను.

ఆయన పోయిన మర్నాడు వినోద్ నన్ను పిలిచి, "మూర్తి గారూ, ఓబులేసన్న చేస్తున్న ఫైల్ ఇగ మీరే పూర్తి చెయ్యాలె. వేరేటోళ్లతోని కాదు" అన్నాడు. మా స్టూడియోకు అంతవరకూ రానంత పెద్ద పని అది, తెల్లాపూర్ మీద సాయంకాలపు ఆకాశం. నాకివ్వకుండా ఆయనకిచ్చారని అంతకు ముందే కుమిలిపోయిన పని. ఇప్పుడు నా చేతికి వచ్చింది. ఆయన మిగతా పట్టీలన్నీ పూర్తి చేసి కలిపారు, నడిమి ఆకాశం పట్టీ ఒక్కటే మిగిలింది. ఆ ఒక్క పట్టీకే నకలు చేసుకుని కూర్చున్నాను. నా సత్తా ఏమిటో ఈ ఒక్క పట్టీలో చూపించాలనుకున్నాను. మబ్బుల అంచులకు బంగారం ఎక్కించాను, నారింజ రంగు చిక్కబరిచాను. చూడముచ్చటగా వచ్చింది. ఆయన పట్టీల మధ్యలో పెట్టగానే, తెల్లటి పంచెకు జరీ గుడ్డ మాసిక వేసినట్టు ఎబ్బెట్టుగా నిలబడింది.

రెండు దారులున్నాయి. ఆయన ఆకాశమంతటినీ నా రంగుకు పెంచడం, లేదా నా రంగును ఆయనదానికి తగ్గించుకోవడం. పెంచుదామనే చాలాసేపు అనుకున్నాను, అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఆయన పట్టీలను ఒక్కొక్కటే పరిశీలనగా చూశాను. ప్రతి మబ్బూ దాని పక్క మబ్బుకు చోటిచ్చి ఉంది. ఎక్కడా ఏదీ నన్ను చూడు అని ముందుకు రాలేదు. ఇన్నేళ్లు ఆయన పక్కన కూర్చుని అంతా చూశాను గాని ఇది చూడలేదు. కడుపు మండిపోతుండగానే నా బంగారం తీసేశాను, నారింజ పలచన చేశాను. అతుకు మాయమైంది.

హాలు తెరిచిన రోజున ఆయన భార్య లక్ష్మీదేవి గారు వచ్చారు. గోడ వెంట నడుస్తూ, చిత్రాన్ని తాకీ తాకకుండా చెయ్యి చాచి, ఆకాశం నడిమధ్యన ఆగారు. సరిగ్గా నా పట్టీ దగ్గర. "ఇదంతా మా ఆయన చేసిందేనా అన్నా?" అని అడిగారు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "అవునమ్మా, అంతా ఆయనదే" అన్నాను. ఆమె అక్కడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఆ నిమిషంలో కూడా నాకు ఆయన మీద అసూయే కలిగింది.

ఈ వ్యాసం చదివితే ఆమెకు సంగతి తెలిసిపోతుంది. తెలియనివ్వండి, ఇంత పని చేసి నోరు మూసుకుని ఉండగలిగేంత ఉదాత్తుణ్ణి కాను నేను. అయితే నా పట్టీ ఏ మబ్బు దగ్గర మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎవరికీ చెప్పను. వెతికినా దొరకదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయనకు సరితూగే పని చేశాను. ఆ గోడ ముందు నిలబడి, కళ్లజోడు పైకి నెట్టుకుని, అతుకు ఎక్కడుందో పట్టేయగలిగిన మనిషి ఒక్క ఓబులేసే. ఆయన పట్టుకుని ఉంటే ఎంత బాగుండేది.