నాయిన ఇనుప టోపీలు

మొన్న గండిమైసమ్మ చౌరస్తాలో హెల్మెట్ లేదని పోలీసులు మా మనవణ్ణి ఆపారట. వాడు మొహం మాడ్చుకుని ఇంటికొస్తే నాకు నవ్వొచ్చింది. నా పదహారో ఏట శామీర్‌పేటలోని మా ఇంట్లో హెల్మెట్లు పదకొండు ఉండేవి, బండి మాత్రం ఎడ్లబండి.

నాయిన బొల్లారం దండుకు గడ్డి తోలేవాడు. పెద్ద యుద్ధం అయిపోయాక అక్కడ పాత సామాను కుప్పలుగా అమ్మారు. సైనికుల ఇనుప టోపీలు ఊరూరికీ చేరి, బర్రెలకు కుడితి పెట్టడానికీ సున్నం కలపడానికీ పనికొచ్చాయి. నాయిన మాత్రం వాటిని కొత్త గంపలిచ్చి మార్చుకుని, కడిగి, గోడకు వరుసగా తగిలించేవాడు. సొట్ట ఉన్నదంటే ఆయనకు మరీ ప్రాణం. "గీ సొట్ట కాడ ఒకని పానం నిలవడ్డది బిడ్డా" అనేవాడు. ఒకసారి మెరుగు పెట్టమని కళాయి వేసే ఆయనకిస్తే, ఆ మంచిమనిషి అడక్కుండానే సొట్ట సాపుచేసి తెచ్చాడు. నాయిన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

గడ్డి తోలే ఆ ఎడ్లబండిలోనే మేడ్చల్ గ్రంథాలయం నుంచి నాకు పుస్తకాలు తెచ్చేవాడు. తనకు అక్షరం రాదు. "తల మీదియి నీకు, తల లోపటియి నీ బిడ్డకు. నాకేం దెస్తవురా?" అని నాయిన తల్లి, మా అవ్వ దెప్పేది. బడి మొహం పెద్దగా చూడని నేను ఆ పుస్తకాలతోనే చదువరినయ్యాను. ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

నిజాం రాజ్యం పోయి యూనియన్ సైన్యం వచ్చాక, ఆయుధాలూ దండు సామానూ ఠాణాలో అప్పగించాలని దండోరా వేశారు. బావిలో పారేయమని అవ్వ ఏడ్చింది. దొంగసొత్తు కాదు కదా అని నాయిన పదకొండింటినీ బండికెత్తి, నన్ను తోడు తీసుకుని మేడ్చల్ బయల్దేరాడు. దారిలో ఎవరెదురైనా బండి ఆపలేదు. అవి పోతే ఆయన ఏమవుతాడోనని నా భయం.

అక్కడి అధికారి కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. అన్నీ ఆయుధాల కిందే రాసుకోమని పక్కనున్న జవానుకు చెప్పాడు. నాయిన తల వంచుకున్నాడు. నాకు నోరాగలేదు. బాంబులు పేలి పైనుంచి రాలే ఇనుప ముక్కలు భుజాల మీద పడకుండా ఈ టోపీ అంచు వెడల్పు చేశారని పుస్తకంలో చదివింది చదివినట్టు చెప్పి, "గిది ఆయుధమెట్లయితది సారు? కొట్టెటోనికి పనికిరాదు. దెబ్బలు దినెటోనికే పనికొస్తది" అన్నాను.

అధికారి ఒక టోపీ తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు. "ఏమయ్యా, నిజమో కాదో కొట్టి చూస్తావా?" అని జవానునడిగి, తనే నవ్వాడు. "పట్టుకెళ్ళండి" అన్నాడు.

తిరుగుదారిలో నాయిన ఎదురైన ప్రతి మనిషి దగ్గరా బండి ఆపి, బిడ్డ ఏమన్నదో చెప్పాడు. మూడు గంటల దారికి పొద్దు గూకేదాకా పట్టింది. ఎన్నో ఏళ్ళు ఎలా గడిచాయో కూడా గుర్తులేదు గానీ, ఆ ఒక్క సాయంత్రం మాత్రం నాకింకా పూర్తికాలేదు.