ఖాళీ వసారాలో పదో అడుగు

నాకు డెబ్బై రెండు నిండిన మర్నాడు, ఉదయం పదకొండింటికి, చిక్కడపల్లిలోని మా రెండో అంతస్తు ఇంట్లో మనవరాలు శ్రావ్య తన కొత్త వీఆర్ హెడ్‌సెట్ నా కళ్ళకు తగిలించింది.

"ఈ గేమ్ ఎవ్వరు ఆడరు గానీ మస్తుంటది అమ్మమ్మా. గేమే మన గొంతులతోని పిలుస్తది, పరేషాన్ గాకు" అని చెప్పి, పాలు చూడటానికి వంటింట్లోకి వెళ్ళింది.

ఆటలో నా ఎదుట పొడవాటి వసారా ఉంది. అన్ని తలుపులూ తెరిచి ఉన్నాయి, మనిషి అలికిడి లేదు. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. వెనక నుంచి "అమ్మమ్మా, ఆగు!" అని శ్రావ్య గొంతు వినిపించింది. ఆటే ఆ గొంతుతో భయపెడుతోందనుకుని ఇంకో అడుగు వేశాను. అది పదోది. మా హాల్లో గుమ్మం దాకా తొమ్మిది అడుగులే. గభాలున హెడ్‌సెట్ తీశాను. తెరిచి ఉన్న గుమ్మం దాటేశాను; కాలి ముందే కిందికి దిగే మెట్లు.

శ్రావ్య నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది. "గంతగనం పిలుస్తుంటే వినవడ్తలేదా?"

వినబడింది. నిజంగా పిలిచింది తనే అని నమ్మకపోవడమే నన్ను ఇప్పటికీ వణికిస్తుంది.