కిష్టయ్య నోట్లో చెంచా నీళ్లు

2021 వానాకాలం. పటాన్‌చెరు దగ్గర ఓ ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మాట నేర్పడం ఒక్కటే మా పని అనుకుంటారు చాలామంది. మింగడం నేర్పడమూ మా పనే. ఆ ఏడాది అదే ఎక్కువైంది.

దగ్గర్లోని లక్డారం ఊరివాడు కిష్టయ్య, ఫ్యాక్టరీలో బరువులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపేవాడు. కోవిడ్‌తో ఊపిరితిత్తులు దెబ్బతిని చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. మెడ దగ్గర కోతపెట్టి శ్వాసనాళంలోకి గొట్టం వేశారు. దాన్ని ట్రేకియాస్టమీ అంటాం. గండం గడిచి మామూలు వార్డుకు వచ్చాడు కానీ మాట లేదు, తిండి ముక్కు గొట్టంతోనే. మింగింది ఊపిరితిత్తుల్లోకి జారితే మళ్లీ న్యుమోనియా, కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే మింగుడు పరీక్షకు అందరం కలిసే వెళ్తాం. నిటారుగా కూర్చోబెట్టడానికి ఫిజియోథెరపిస్టు, గొట్టంలోంచి కఫం లాగడానికి నర్సు, పక్కన ఈఎన్‌టీ డాక్టరు.

ముందురోజు ఆయన భార్య యాదమ్మతో, "రేపు పొద్దున అందరం వస్తాం, నోట్లో చెంచాతో నీళ్లు పోసి చూస్తాం" అన్నాను. ఆమె తలూపింది.

పొద్దున వెళ్లేసరికి వార్డు బయట సగం లక్డారం దిగి ఉంది. యాదమ్మ కొంగుముడిలో తులసాకులు. నన్ను చూడగానే భోరుమంది.

"గింతమంది డాక్టర్లు ఒక్కపారే వస్తమంటిరి. నీళ్లు పోస్తమంటిరి. ఇగ ఏం మిగిలింది మేడమ్? జెర గీ ఆకులన్న ఎయ్యుండ్రి అండ్ల."

పోయే ప్రాణానికి పోసే నీళ్లనుకుంది, పాపం! ఎంత చెప్పినా నమ్మదే. చివరికి, "నువ్వే దగ్గరుండి చూడమ్మా" అని లోపలికి తీసుకెళ్లాను.

నీలిరంగు కలిపిన నీళ్లు చెంచాతో నాలుక మీద పోశాను. గొంతు మెల్లగా పైకి లేచి కిందికి దిగింది. దగ్గు రాలేదు. నర్సు గొట్టంలోంచి కఫం లాగింది. ఎక్కడా నీలం లేదు, అంటే నీళ్లు ఊపిరితిత్తుల వైపు జారలేదు! అప్పుడు గొట్టానికి స్పీకింగ్ వాల్వ్ బిగించాం. పీల్చిన గాలిని గొంతు మీదుగా బయటికి పంపి మాట పలికించే చిన్న మూత అది.

కిష్టయ్య గుమ్మంలో తొంగిచూస్తున్న చుట్టాలను చూశాడు. గరగరలాడే గొంతుతో, "గీళ్లంత ఎందుకొచ్చిండ్రే?" అన్నాడు.

యాదమ్మ ఏడుస్తూనే నవ్వింది. "నిన్ను సూడనీకె." నాకైతే ప్రాణం లేచొచ్చింది.

కాసేపటికి కొంగుముడి విప్పుతూ అడిగింది. "మేడమ్, గీ ఆకులు జావల ఎయ్యొచ్చా?"

"ఇప్పుడే వద్దమ్మా, గొంతులో అడ్డం పడతాయి."

చిక్కటి జావతో మొదలుపెట్టి మెత్తటి అన్నం దాకా వచ్చాక, మెడ గొట్టం కూడా తీయించుకుని కిష్టయ్య ఇల్లు చేరాడు. నేను మాత్రం ఈనాటికీ చెంచా చేతపట్టే ముందు ఇంటివాళ్లను దగ్గరికి పిలిచి ఒక్కమాట చెప్తాను. "ఇవి బతికినోళ్లకు పోసే నీళ్లమ్మా."